సగం ఉడికిన సగ్గుబియ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు మా మేనత్తది. కోవెంట్రీలో మేముండే వీధిలో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని వరసగా ఉండేవి. ఆవిడ వంటింట్లోంచి నన్ను కేకేస్తే పక్కింటి ముసలాయన కూడా తలుపు తీసి, ఏమైందన్నట్టు చూసేవాడు. తెనాలి వైపు ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఏళ్ళ తరబడి సైన్సు పాఠాలు చెప్పిన గొంతు అది. మా నాన్న చెవులు మూసుకుంటే, "ఆఖరి బెంచీ పిల్లకు వినపడకపోతే అది పాఠమెలా అవుతుందిరా?" అనేది. మా ఇంట్లో ఆఖరి బెంచీ ఎక్కడుందో నాకు తెలిసేది కాదు గానీ, ఆవిడ మాట వినపడలేదన్నవాళ్ళు మాత్రం లేరు.

ఇప్పుడు నేనూ రిటైరైన టీచర్నే. వారానికో రోజు, పిలిచిన బడికల్లా వెళ్ళి పిల్లలకు సౌరశక్తి గురించీ గాలిమరల గురించీ చెబుతుంటాను. ఈ ఊళ్ళో ఇప్పుడు బడుల కప్పుల మీదా ఇళ్ళ కప్పుల మీదా సోలార్ పలకలు మామూలైపోయాయి. క్లాసులో మన తెలుగు పిల్లలుంటే నన్ను ఆంటీ అంటారు. నేను తెలుగులో అడుగుతాను, వాళ్ళు ఇంగ్లీషులో చెబుతారు, ఎవరి ముచ్చట వాళ్ళది. ఇదంతా మీకెవరు నేర్పారని వాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. డిగ్రీ పేరు చెబితే పిల్లలకేం రుచి? అందుకని మా మేనత్త సంగతి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నాకు కాస్త గర్వంగా ఉంటుంది, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించదు.

మా నాన్న కార్ల ఫ్యాక్టరీలో డిజైన్లు గీసేవాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. అమ్మ డ్యూటీ రోటా మారినప్పుడల్లా మా ఇంట్లో భోజనాల వేళలు తారుమారయ్యేవి. నేను బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఒక మనిషి ఉండాలని నాన్న వాళ్ళక్కను రప్పించాడు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే బడినే కట్టుకున్నానని నవ్వేసేది. ఏడాది సెలవు పెట్టి వచ్చిన మనిషి నెల తిరక్కుండానే ఇల్లంతా చక్కబెట్టేసింది. ఆ తర్వాత చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. పొద్దున్నే ముందుగది కిటికీ దగ్గర కూర్చుని, సంచులు తగిలించుకుని బడికి పోయే పిల్లల్ని చూస్తూ ఉండేది. వాళ్ళు మలుపు తిరిగిపోయాక కూడా అక్కడే కూర్చునేది.

ఆవిడ ఇక్కడే ఉండిపోవాలని నాన్న ఆశ. ఆవిడకూ మమ్మల్ని వదిలి వెళ్ళాలని లేదు. కానీ పాఠం చెప్పని బతుకు ఆవిడకు బతుకు కాదు. ఇక్కడి బళ్ళలో పనిచెయ్యాలంటే ఇక్కడి ట్రైనింగు మళ్ళీ చెయ్యాలన్నారు. దానికి ఆవిడ వెనకాడలేదు, చదువంటే భయపడే మనిషి కాదు. అయితే ఆ ట్రైనింగులో చేరాలంటే ముందు ఏదో ఒక బడిలో కొన్నాళ్ళు పిల్లలతో పనిచేసి, ఈమె చెప్పగలదని అక్కడి హెడ్‌టీచర్ చేత అనిపించుకోవాలి. ఊరు కాని ఊళ్ళో, చీర కట్టుకుని వచ్చిన నడివయసు మనిషిని రమ్మని పిలిచే బడి ఏది? వేసవి గడిచిపోయింది, సెలవు కరిగిపోతోంది. అవకాశం దొరకకపోతే క్రిస్మస్ లోపు తిరిగి వెళ్ళిపోతానని ఆవిడ తేల్చి చెప్పేసింది.

ఇంత గొంతున్న మనిషికి భయం కూడా ఉంటుందని నాకు తెలిసింది ఒక పొద్దున ఆవిడ చేత జడ వేయించుకుంటున్నప్పుడు. "అమ్మడూ, నా ఇంగ్లీషు వింటే మీ క్లాసు పిల్లలు నవ్వుతారంటావా?" అని అడిగింది. నేను ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊరి యాసలోనే ఇంగ్లీషు మాట్లాడేదాన్ని. ఆవిడది పుస్తకంలోంచి అచ్చంగా దిగి వచ్చిన ఇంగ్లీషు, ప్రతి అక్షరాన్నీ పలకరించి గాని వదిలేది కాదు. "నవ్వరత్తా" అన్నాను. నా మాట నమ్మినట్టు లేదు, రిబ్బను మరీ బిగించి కట్టింది.

ఆ నెలలోనే మా క్లాసులో శక్తి గురించి పాఠం మొదలైంది. మా టీచర్ ఎడిన్‌బర్గ్ నుంచి వచ్చినామె, పొడుగ్గా ఉండేది, తొందరగా కోపం వచ్చేది కాదు. మీ ఇళ్ళలో వంట దేనితో చేస్తారని ఒక్కొక్కరినీ అడిగింది. కొందరు గ్యాసన్నారు, కొందరు కరెంటన్నారు. నా వంతు వచ్చేసరికి, మా అత్త ఎండతో వండుతుందని చెప్పాను. తెనాలిలో తను పిల్లల చేత ఎండపెట్టె చేయించి అందులో అన్నం వండించేదని ఆవిడ నాకు చెప్పిన మాటే అది. క్లాసంతా ఘొల్లుమంది. టీచర్ మాత్రం నవ్వలేదు. సాయంత్రం గేటు దగ్గర మా అత్తను ఆపి, ఆ పెట్టెను పిల్లలకు చూపిస్తారా అని అడిగింది. హెడ్‌టీచర్ కూడా వచ్చి చూస్తారనీ, ఆమెకు నచ్చితే వారం వారం రావచ్చనీ చెప్పింది.

దారంతా మా అత్త నన్ను తిట్టింది. "నోరా, వీపుకు తేకే అంటారు. నీ నోరు నా వీపుకు తెచ్చిందే!" అంది. కానీ నడక మాత్రం వేగంగా సాగింది, ఆ వేగం చూస్తే ఆ తిట్లలో కోపం లేదని నాకే తెలిసిపోయింది. ఇంటికి రాగానే నాన్నకు చెప్పింది. "ఇంతకంటే మంచి అవకాశం ఇంకెప్పుడు వస్తుందక్కా?" అన్నాడు నాన్న. అమ్మ డ్యూటీకి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "వదినగారూ, మీరు చెప్పేది మీరు చెప్పండి. మీ పాఠం వింటుంటే ఇంగ్లీషు మాట ఎవరికి గుర్తుంటుంది?" అంది. ఆ ఒక్క గంట మీదే ఆవిడ ఉండడమో వెళ్ళడమో ఆధారపడి ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మర్నాటి నుంచి మా ముందుగది వర్కుషాపైపోయింది. కూరగాయల కొట్లో అడిగి రెండు అట్టపెట్టెలు తెచ్చింది, ఒకటి పెద్దది, ఒకటి దాంట్లో పట్టేది. రెండింటి మధ్యా నలిపిన న్యూసుపేపర్లు కూరింది, లోపలి వేడి బయటికి పోకుండా. లోపల ఫాయిల్ అతికించింది. మూతకు కూడా ఫాయిల్ అంటించి, తెరిచి నిలబెడితే వెలుతురు పెట్టెలోకి పడేలా చేసింది. పైన కప్పడానికి గాజు పలక కావలసి వచ్చింది. మా అమ్మానాన్నల పెళ్ళి ఫోటో ఫ్రేములో అద్దం సరిగ్గా సరిపోయింది. ఫోటోలో నాన్న బుగ్గన చుక్కకు దుమ్ము పడుతుందని అమ్మ రెండు రోజులు గొణిగింది. వెడల్పాటి రేకు డబ్బా ఒకటి తీసుకుని, దానికి నాన్న నల్ల పెయింటు వేసిపెట్టాడు.

ఏం వండాలన్న దగ్గర పేచీ వచ్చింది. అన్నానికి ఇక్కడి ఎండ చాలదని ఆవిడే అంది. సగ్గుబియ్యమైతే నానబెడితే తొందరగా ఉడుకుతాయి. పైగా తెల్లటి గింజ ఉడికిన కొద్దీ అద్దంలా అవుతుంది, ఆఖరి బెంచీ పిల్లకు కూడా తేడా తెలుస్తుంది. సగ్గుబియ్యం వద్దన్నాను. మా బడి భోజనంలో నెలకోసారి సగ్గుబియ్యం పుడ్డింగు పెట్టేవారు. పిల్లలు దాన్ని కప్పగుడ్లనేవారు, ఒక్కరూ తినేవారు కాదు. ఆ సంగతి చెప్పాను. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. "కప్పగుడ్లా! భలే ఉందే. ఇంక జన్మలో మర్చిపోరు" అంది.

ఆ వారమంతా వాన. పెట్టెను ఒక్కసారి కూడా ఎండలో పెట్టి చూసుకునే వీలు లేకపోయింది. నాన్న దిగులుపడితే ఆవిడ కొట్టిపారేసింది. అక్కడ ఎన్నేళ్ళు చేయించానో, కళ్ళు మూసుకుని చెయ్యగలనంది. నిజమే, చేతికి అంత అలవాటైన పని. ఆ అలవాటే కొంప ముంచింది.

అనుకున్న రోజు సెప్టెంబరు చివర్లో వచ్చింది. తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. చలిగా ఉన్నా ఎండ మాత్రం నిండుగా కాసింది. ఆవిడ మంగళగిరి చీర మీద నాన్న పాత కోటు వేసుకుంది. పెట్టె నెత్తిన పెట్టుకుంటానంటే వద్దని నాన్న కార్లో దింపాడు. తెనాలిలో వాళ్ళ బడిలో ఆవిడ పద్ధతి ఒకటే. మొదటి గంట కొట్టకముందే పెట్టెను నేల మీద చదునుగా పెట్టి, తూర్పుకు తిప్పి, ఓ నమస్కారం పెట్టి క్లాసుకు వెళ్ళిపోయేది. మధ్యాహ్నం గంటకు వచ్చి మూత తీస్తే అన్నం తయారు. మధ్యలో చూసే పనే లేదు. ఇక్కడా అలాగే చేసింది. ఆటస్థలంలో చెట్టూ గోడా అడ్డం లేని చోటు చూసి పెట్టింది. పొద్దున సూర్యుడు ఎదురుగా ఇళ్ళ కప్పుల పైనుంచి సూటిగా పెట్టెలోకే చూస్తున్నాడు. ఎవరూ చూడకుండా చేతులు జోడించి, లోపలికి వెళ్ళి మా క్లాసులో వెనక కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మమ్మల్నందరినీ బయటికి తీసుకొచ్చి పెట్టె చుట్టూ నిలబెట్టారు. హెడ్‌టీచర్ వచ్చి చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడింది. ఆమె నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. మా అత్త కొంగు నడుముకు దోపి మొదలుపెట్టింది. వెలుతురు అద్దం దాటి లోపలికి ఎలా వెళ్తుందో, నలుపు దాన్ని వేడిగా ఎలా మార్చుకుంటుందో, ఆ వేడి అద్దం దాటి బయటికి ఎందుకు రాలేదో చెప్పింది. బొగ్గు తవ్వితే తరుగుతుంది, చమురు తోడితే తరుగుతుంది, ఎండను ఎంత వాడుకున్నా రేపటికి మళ్ళీ అంతే ఉంటుందని చెప్పింది. ఆవిడ గొంతు అవతలి కంచె దాకా వెళ్ళింది. అమ్మ అన్నట్టే అయింది. ఆ ఇంగ్లీషుకు ఒక్కరూ నవ్వలేదు. నవ్వడానికి ఆవిడ సందివ్వలేదు.

ఇక చూద్దామని అద్దం తీసింది. డబ్బా మూత ఎత్తింది.

ఆవిరి రాలేదు. నీళ్ళలో గింజలు పొద్దున ఎలా ఉన్నాయో అలాగే తెల్లగా కూర్చుని ఉన్నాయి. వేలు పెట్టి చూసింది, గోరువెచ్చన. ముందు వరసలో ఒక ఎర్రజుట్టు పిల్ల ఉండేది. ప్రతిదానికీ అడ్డం మాట్లాడే రకం, మా క్లాసులో పేచీలన్నింటికీ పెద్దమ్మ. "ఉడకలేదు మిస్" అంది. వెనకనుంచి ఎవరో కప్పగుడ్లన్నారు. ఇంకంతే, అందరూ ఒక్కసారి కిసుక్కుమన్నారు. నాకు హెడ్‌టీచర్ వైపు చూడాలంటే భయం వేసింది, చూడకుండా ఉండలేకపోయాను. ఆమె వాచీ చూసుకుంటోంది.

మా టీచర్ మంచి మనిషి. చటుక్కున ముందుకు వచ్చి, ఇది ఈ ఇంగ్లండు ఎండ తప్పే గాని మీ తప్పు కాదంది. స్టాఫ్‌రూములో పొయ్యి ఉంది, అక్కడ ఉడికించి ఎండలో అయితే ఎలా ఉండేదో చూపిద్దామంది. ఆ మాట పట్టుకుని మా అత్త సులువుగా బయటపడిపోవచ్చు. నేనైతే పట్టుకునేదాన్ని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని పెట్టె పక్కన గొంతుక్కూర్చుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కాసేపు పెట్టెలోకి చూసింది, తలెత్తి ఆకాశం వైపు చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"పిల్లలూ, నేనొక తప్పు చేశాను," అంది. "అదెక్కడుందో ఎవరు కనిపెడతారు?"

ఒక టీచర్ నోట అలాంటి మాట మేమెప్పుడూ వినలేదు. నవ్వులు ఆగిపోయాయి. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో డబ్బా బాగాలేదన్నారు. ఎవరో నీళ్ళెక్కువయ్యాయన్నారు. ఎర్రజుట్టు పిల్ల, అసలు ఈ దేశంలో ఎండే లేదంది. "లేదా? సరే, అందరూ అరచేతులు చాపండి" అంది మా అత్త. చాపాం. అరచెయ్యి ఆకాశం వైపు చదునుగా పెట్టమంది, పెట్టాం. వెచ్చగా ఉందా అంటే, కాస్త ఉందన్నాం. ఇప్పుడు మీకు ఎలా తిప్పితే ఎక్కువ వెచ్చగా ఉంటుందో అలా తిప్పుకోండంది. మెల్లగా అన్ని అరచేతులూ లేచి సూర్యుడి వైపు వాలాయి. చలిమంట ముందు కూర్చున్నట్టు చేతులన్నీ ఒకే దిక్కుకు నిలబడ్డాయి. హెడ్‌టీచర్ కూడా చేతులు విప్పి ఒక అరచెయ్యి అటు తిప్పడం నేను చూశాను.

ఎర్రజుట్టు పిల్ల తన చేతి వంక చూసుకుంది, పెట్టె వంక చూసింది. దగ్గరికి వెళ్ళి వంగింది. పేచీ పెట్టడానికే వెళ్ళిందనుకున్నాను. "నీడ!" అని ఒక్క అరుపు అరిచింది. "మిస్, మీ పెట్టె గోడ నీడే మీ డబ్బా మీద పడుతోంది! ఎండ అటునుంచి వస్తుంటే పెట్టె పైకి చూస్తోంది!" నిజంగానే దక్షిణం వైపు అట్టగోడ నీడ డబ్బాను సగానికి పైగా కప్పేసి ఉంది. మేమంతా తోసుకుంటూ వెళ్ళి చూశాం. అంతసేపూ అది మా కళ్ళ ముందే ఉంది.

"అదీ!" అంది మా అత్త, ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి. మా ఊళ్ళో మధ్యాహ్నానికి సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వస్తాడు, పెట్టె ఎటు తిరిగి ఉన్నా లోపల నీడ పడదు. ఇక్కడ పక్కన నిలబడి చూస్తాడు, నెత్తి మీదికి రాడు. నేను మా ఊరి సూర్యుణ్ణి నమ్ముకుని మీ ఊళ్ళో పెట్టె పెట్టానని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు మాత్రం అచ్చం మా ఇంట్లో నవ్వే నవ్వు. ఇప్పుడేం చేద్దామని అడిగింది. ఇంక మమ్మల్నాపడం ఎవరి తరం కాలేదు. ఒకరు ఇటుకలు తెచ్చారు. ఇంకొకరు ఆటల గదిలోంచి విసిరి ఆడుకునే చిన్న చిన్న గింజల సంచులు మోసుకొచ్చారు. పెట్టెను వెనక ఎత్తి, సూర్యుడికి మొహం పెట్టేలా వాల్చాం. డబ్బా జారకుండా లోపల ఆసరా పెట్టాం. మూతను అటూ ఇటూ వంచి, ఫాయిల్ మీది వెలుగు సరిగ్గా డబ్బా మీద పడేలా పట్టుకున్నాం.

పెట్టె దక్షిణానికి తిరిగింది. మా ఇంట్లో అన్నం తినేటప్పుడు అటు తిరిగి కూర్చుంటే ఊరుకునేది కాదు ఆవిడ. నా పక్కకు వంగి తెలుగులో గుసగుసలాడింది. "యముడి దిక్కుకు తిప్పాల్సొచ్చిందే అమ్మడూ. ఏం చేస్తాం, ఈ దేశంలో సూర్యుడు అక్కడే కాపురం పెట్టాడు" అంది. నాకు నవ్వాగలేదు. ఏమందని అందరూ అడిగారు. చెబితే అర్థం కాదని నేను గొప్పగా తల ఎగరేశాను.

సూర్యుడు ఆగడు కదా, కాసేపటికి మళ్ళీ నీడ పాకింది. నీడ అంచుకు సుద్దముక్కతో గీత గీసి, అది కదిలినప్పుడల్లా పెట్టె తిప్పడానికి ఆవిడ వంతులు పెట్టింది. ఎండ కాపలా అని పేరు పెట్టుకున్నాం. ఆ మధ్యాహ్నం స్పెల్లింగు పాఠం ఎగిరిపోయింది, మా టీచర్ దాని ఊసే ఎత్తలేదు. ఆఫీసులోంచి ఎవరో వచ్చి హెడ్‌టీచర్ని ఫోనుకు పిలిచారు. తర్వాత మాట్లాడతానని ఆమె అక్కడే ఉండిపోయింది. ఒకసారి మూత పట్టుకునే వంతు కూడా తీసుకుంది. అద్దానికి లోపల ఆవిరి చుక్కలు కట్టడం చూసి మేమందరం కేకలు పెట్టాం.

ఇంటి గంటకు ముందు డబ్బా తెరిచాం. ఈసారి ఆవిరి వచ్చింది. మా అత్త చెంచాతో తీసి ఎండకు ఎత్తి పట్టుకుంది. గింజల అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. నడుమ మాత్రం తెల్లటి చుక్క అలాగే ఉంది. హెడ్‌టీచర్ చూస్తోంది, క్లాసంతా చూస్తోంది. ఉడికిందని ఆవిడ అంటే ఎవరూ కాదనేవాళ్ళు కారు. "సగం," అంది ఆవిడ. "సగమే ఉడికింది. మిగతా సగానికి ఏం చెయ్యాలి?" పొద్దున్నుంచే వాల్చి పెట్టాలని ఒకరు, గోడలు ఎత్తు తగ్గించాలని ఒకరు, గింజలు తక్కువ వెయ్యాలని ఒకరు, గొంతులు చించుకున్నారు. తర్వాత అందరికీ తలా కొంచెం రుచి చూపించారు. కప్పగుడ్లన్నవాళ్ళే ముందు చేతులు చాచారు. ఎర్రజుట్టు పిల్ల రెండుసార్లు పెట్టించుకుని, అయినా బాగాలేదంది.

మేం సంచులు సర్దుకుంటుంటే హెడ్‌టీచర్ దగ్గరికి వచ్చింది. ఎర్రజుట్టు పిల్ల ఇంకా పెట్టెను వదల్లేదు. మీకు ఈ విజిటర్ పాఠం నచ్చిందా అని ఆమె ఆ పిల్లను అడిగింది. "ఈమె విజిటర్ కాదు మిస్, టీచర్" అంది ఆ పిల్ల, అక్కడ కూడా పేచీ పెడుతూ. హెడ్‌టీచర్ మొహంలో నవ్వు నేను మొదటిసారి చూశాను. వచ్చే వారం మళ్ళీ రాగలరా, ఎండ ఉంటుందని మాత్రం మాటివ్వలేనని మా అత్తతో అంది. ఎండ లేకపోతే గాలితో వస్తానంది మా అత్త. గాలిమర చేయించడం పెద్ద పనేం కాదు, ఈ ఊళ్ళో గాలికేం తక్కువ లేదు కదా అంది.

ఇంటికి నడిచి వెళ్తున్నాం. పెట్టె ఒక పక్క ఆవిడా, ఒక పక్క నేనూ పట్టుకున్నాం. నాకు పొద్దున్నుంచీ పడ్డ గాభరా అంతా అప్పుడు ఏడుపులా వచ్చింది. తప్పెక్కడుందో ఆ పిల్లకు కనబడకపోతే ఏమయ్యేదత్తా అని అడిగాను. కొంత దూరం పోయాక, "నాకు కనబడిందే," అంది. "గొంతుక్కూర్చోగానే నీడ కనబడింది."

నేను ఆగిపోయాను. పెట్టె కూడా ఆగింది. మరెందుకు చెప్పలేదు, హెడ్‌టీచర్ చూస్తోంది కదా, నువ్వు చెప్పి ఉంటే నీకెంత తెలుసో ఆమెకు అప్పుడే తెలిసేది కదా అని అరిచినంత పని చేశాను. తన సెలవూ, మా నాన్న ఆశా, క్రిస్మస్‌కు మా ఇల్లు ఎలా ఉండబోతుందో, అన్నీ ఆ ఒక్క నిమిషం మీద ఉన్నాయని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. అందరూ నవ్వుతుంటే జవాబు చేతిలో పెట్టుకుని నోరు మూసుకుని నిలబడిందా?

"నాకు తెలిస్తే ఏం లాభమే? నేను పాసవ్వాల్సిన పరీక్ష కాదుగా అది" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నీడ అని అరిచినప్పుడు ఆ పిల్ల మొహం చూశావా?" అని అడిగింది. చూశానన్నాను. "అది చూశాక నాకు ఉద్యోగం వస్తే ఎంత, రాకపోతే ఎంత" అంది. అలా అంటూనే కళ్ళు తుడుచుకుంది. ఉద్యోగం రావాలని ఎంత కోరుకుందో ఆ తుడుచుకోవడంలోనే నాకు తెలిసింది.

మర్నాడు మళ్ళీ వాన. అయినా ఆవిడ తిరిగి వెళ్ళలేదు. ఆ వారమూ, ఆ తర్వాతి వారాలూ గాలిమరలతో, నీటిచక్రాలతో మా బడికి వచ్చింది. హెడ్‌టీచర్ చెప్పిన మంచి మాటతో ట్రైనింగులో చేరింది. తన కంటే బాగా చిన్నవాళ్ళ పక్కన కూర్చుని చదివింది, ఈ ఊరి బళ్ళలోనే రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పింది. ఆవిడ పోయినప్పుడు, నేను ముఖం కూడా ఎరగని నడివయసు ఇంగ్లీషువాళ్ళు ఎందరో వచ్చి, మా టీచర్ అని చెప్పుకున్నారు. మా మేనత్త అని చెప్పుకోవడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ పూట నా దుఃఖం కంటే నా గర్వమే ఒక పిసరు ఎక్కువేమో.

నేను టీచరునయ్యాక నాకు జవాబు తెలిసిన ప్రశ్నలే ఎక్కువ ఎదురయ్యాయి. చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతుంది, అందులోనూ పెద్దవాళ్ళెవరైనా వెనక నిలబడి నన్ను చూస్తున్నప్పుడు మరీను. తెలియక ఊరుకోవడం ఎవరికైనా వస్తుంది. తెలిసీ, అవసరమై కూడా, ఒక పిల్ల కోసం ఊరుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆ సెప్టెంబరు మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను. అందుకే ఇప్పటికీ పిల్లల ముందు నిలబడి, మీరే వెతకండర్రా అని, చేతులు వెనక్కి కట్టుకుంటాను. క్లాసు గందరగోళమవుతుంది. టైం మించిపోతుంది. ఎవరో ఒకరు ఉన్నట్టుండి కెవ్వుమంటారు. ఆ కేక వినపడేదాకా నేను ఆగుతాను.